సంచిలో నక్క

ఎదురింటి ఇస్త్రీ ఆవిడ అన్నదని పాలపాకెట్ల ఆవిడ చెప్పింది, పాలపాకెట్ల ఆవిడ చెప్పిందని వీధి వీధంతా చెప్పుకుంది: టైలరు తన డాబా మీద పాతుకున్న ఏరియల్ కడ్డీలతో ఫైరింజన్ని దారి తప్పించాడట. అంతకుముందు అవే కడ్డీలతో అందరి టీవీల్లో చీమలు పాకించాడట. ఇస్త్రీ ఆవిడ కోడలి కడుపు పండకపోవడానికి కూడా ఆ కడ్డీలే కారణమట. వాటి కాక గోడలు దాటి వస్తుందట, ఆవిడ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కూడా దాని ముందు చల్లనే అట. "మనిషి చెయ్యి నుజ్జయిందని జాలిపడుతున్నారు. మరి కాలిపోయిన ఆడపిల్లల మాటేమిటి? చేసుకున్నాడు, అనుభవిస్తున్నాడు," అని కూడా అందట.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. కానీ ఈసారి ఆ మాట ఆవిడ కల్పించింది కాదు. మొదట అన్నవాడు టైలరు బావమరిది, అంటే టైలరు పెళ్ళానికి తోడబుట్టిన అన్న. రేడియో క్లబ్బుకి ప్రెసిడెంటు.

రేడియో అంటే పాటలూ వార్తలూ వచ్చేది కాదు. ఇది మాట్లాడే రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఎవరి సెట్టు వాళ్ళు కొనుక్కునో కట్టుకునో, తీగ లేకుండా ఊరవతలి వాడితోనూ, వాతావరణం అనుకూలిస్తే సముద్రం అవతలి వాడితోనూ మాట్లాడుకునే సరదా. సైకిల్ విడిభాగాల కొట్టు పైన ఒక్క గది, ఎప్పుడు వెళ్ళినా టైర్ల వాసన. గోడకి ఊరి పటం, బల్ల నిండా విప్పి పడేసిన సెట్లు, సోల్డరింగు మచ్చలు. ఆదివారాలు పరీక్షకి కూర్చునేవాళ్ళకి పాఠాలు చెప్పేవాళ్ళు. సైకిల్ పందేలప్పుడు దారిపొడుగునా సెట్లు పట్టుకుని నిలబడేవాళ్ళు. గాలివానలో ఫోన్లు చచ్చినప్పుడు ఆస్పత్రికీ ఫైర్ స్టేషన్‌కీ మధ్య మాట మోసేవాళ్ళు. దానికి జీతం లేదు, భత్యం లేదు, టీ కూడా ఎవరిది వాళ్ళే తాగాలి.

పేరుకి ప్రెసిడెంటు గానీ, క్లబ్బుని నడిపేది నెట్టక్క. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం తన ఇంట్లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, ఒక్కొక్కరినీ పేరుపేరునా గాలిలో పిలుస్తుంది. ఆ హాజరునే నెట్ అంటారు, అందుకే ఆవిడ నెట్టక్క. ఆవిడ పిలిచినవాడే పలకాలి. డ్యూటీ రోజుల్లో మరీ కఠినం. ఆవిడ వదలమనేదాకా ఎవరూ సెట్టు ముందునుంచి లేవకూడదు, పైకప్పు ఊడిపడినా సరే. ఒకసారి మందుల షాపాయన డ్యూటీలో ఉండగా ఒంటేలుకి లేచాడని నెలపాటు ఆయన్ని పిలవనేలేదు. "నెట్టక్క పిలవడం మానేసిందని తెలిసి మా ఆవిడ కూడా పిలవడం మానేసింది," అని ఆయన అందరి దగ్గరా వాపోయాడు.

ఇక ఆ క్లబ్బు వాళ్ళకి ఏడాదికోసారి నక్కవేట ఉండేది. ఎవడో ఒకడు చిన్న సెట్టుని ఊళ్ళో ఎక్కడో దాచి దానంతట అది కూసేలా పెడతాడు. దాన్ని నక్క అంటారు. మిగిలినవాళ్ళు చేప వెన్నెముకలా ఉండే ఏరియల్ చేత్తో పట్టుకుని, మీటర్లో ముల్లు ఏ వైపు తిప్పితే ఎక్కువ లేస్తుందో ఆ వైపు నడిచి నక్కని పట్టుకోవాలి. ప్రతి ఏడూ టైలరే గెలిచేవాడు, బావమరిది ఎప్పుడూ రెండోవాడే. గెలిచినవాడు ఊరుకుంటాడా? టైలరుకి అసలే నోటి దురుసు. "నీ ముక్కు కింద పెట్టినా నీకు నక్క దొరకదు బావా," అని నలుగురిలో వీపు మీద చరిచేవాడు. ప్రెసిడెంటు నవ్వేవాడు. ఆయనది మోటార్లు రీవైండింగు చేసే షాపు. వచ్చినవాళ్ళందరికీ సాయం పడే మనిషే, పరాయివాళ్ళకైతే ప్రాణం పెడతాడు. కానీ ఆ చరుపు మాత్రం వీపు మీదనుంచి దిగేది కాదు.

గొడవ మొదలైంది తొడుగుల దగ్గర. చేతిసెట్టుకి పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మాట్లాడొచ్చు, వదిలితే వినొచ్చు. ఎవరి సెట్టు బటనైనా పొరపాటున నొక్కుకుపోయి ఉండిపోతే ఆ చానెల్లో ఇంకెవరి మాటా సాగదు. ఒక్కడి బటన్‌తో ఊరందరి నోరూ మూతపడుతుంది. టైలరు కాన్వాసు గుడ్డతో తొడుగులు కుట్టాడు, బటన్ చుట్టూ దళసరి తోలు కట్ట వేసి, ఏదీ తగిలి నొక్కుకోకుండా. కుట్టి ఊరుకోకుండా, మీటింగులో అరగంట ఉపన్యాసం దంచాడు. తను లేకపోతే క్లబ్బు ఏమైపోయేదో కూడా చెప్పాడు. విని విని ప్రెసిడెంటు ఒక తొడుగుని రెండువేళ్ళతో పైకెత్తి చూపించాడు.

"మా బావ సెట్లకి లంగాలు కుట్టాడండీ. వచ్చే నెల జాకెట్లు కూడా కుడతాడట, కొలతలివ్వండి!"

గదంతా పగలబడి నవ్వింది. నెట్టక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

టైలరు ముఖం కందగడ్డయింది. "నవ్వండి. నవ్వండర్రా. ఒకరోజు మీ చానెల్ మొత్తం మూసుకుపోతుంది. ఆ రోజు మీరొచ్చి నా కాళ్ళు పట్టుకున్నా నేను తెరవను," అని మెట్లు దడదడా దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇంట్లో మాత్రం సెట్టు ఆన్‌లోనే ఉండేది. సాయంత్రం నెట్టక్క అలవాటు కొద్దీ అతని పేరు పిలిచేది. పలికేవాడు కాదు.

"పలకొచ్చుగా, నోరేమన్నా అరిగిపోతుందా?" అనేది పెళ్ళాం, కాజాలు కుడుతూ.

"అరిగిపోతుంది. మీ అన్నకోసం మాత్రం అరగదీసుకోను."

ఇదీ సంగతి. ఇలా ఉండగా పరుపుల ఫ్యాక్టరీ అంటుకుంది.

పొద్దెక్కాక మొదలైంది. స్పాంజి, దూది, రబ్బరు పాలు, ఏది ముట్టుకుంటే అది భగ్గుమంది. నల్లటి పొగ ఊరి మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుంది. ఫోను తీగలు ఆ ఫ్యాక్టరీ ప్రహరీ వెంటే పోతాయి, అవి కాస్తా కరిగి కారిపోయాయి. ఫోన్లన్నీ మూగబోయాయి. క్లబ్బుని పిలవడానికి ఫైర్ స్టేషన్ నుంచి మనిషొచ్చాడు. నెట్టక్క కిటికీలన్నీ బిగించుకుని సెట్టు ముందు కూర్చుంది. మందుల షాపాయన ఆస్పత్రి ఎదుట తన షాపులోనే సెట్టు పెట్టుకున్నాడు. నిచ్చెన ఉన్న ఫైరింజన్ బండి వాళ్ళకి ఒక సెట్టు ఇచ్చారు. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ప్రెసిడెంటు బయలుదేరాడు.

క్లబ్బు గదిలో హడావుడిగా సంచి సర్దుకున్నాడాయన. తాడు, నీళ్ళ సీసా, పెద్ద టార్చిలైటు, అదనపు సెట్టు. బల్ల మీద టైలరు కుట్టిన తొడుగు ఇంకా అలాగే పడి ఉంది. చేతికి అడ్డం తగిలితే పక్కకి నెట్టేశాడు. అదనపు సెట్టుని, పనిచేస్తోందో లేదో చూసి ఆపకుండానే, సంచిలో కుక్కి, దాని మీద టార్చిలైటు కుక్కి, జిప్పు లాగాడు. టార్చిలైటు తల వెళ్ళి సరిగ్గా ఆ సెట్టు బటన్ మీద కూర్చుంది.

ఊరికి మాట మొయ్యడానికి పోతూ ఊరి నోటికి వేసిన తాళం భుజాన తగిలించుకుని పోయాడన్నమాట. ఆయనకి తెలియదు.

గేటు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పై అంతస్తులో వెనక వైపు కుట్టు సెక్షన్. మంటలు ముందు నుంచి వస్తున్నాయి కనక నిచ్చెన బండి ముందు వైపే ఆగింది. బేళ్ళు ఎత్తించే లోడింగ్ మేస్త్రి ప్రెసిడెంటు చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. భుజం మీద బేళ్ళు లాగే ఇనప కొక్కెం అలాగే ఉంది.

"వెనక్కి పంపమను సార్ నిచ్చెన! మా పిల్ల పైనుంది సార్. వెనక్కి!"

"చెప్తున్నా, చెప్తున్నా," అని ప్రెసిడెంటు చేతిలో సెట్టు నొక్కి అరిచాడు. ఆ మాటలూ సంచిలోని సెట్టూ ఒకదాని మీదొకటి పడి, వినేవాళ్ళందరికీ గరగర తప్ప ఏమీ చేరలేదు. వదిలి విన్నాడు. కీచుమని చెవులు చిల్లులు పడే కూత. మళ్ళీ అరిచాడు. మళ్ళీ కూత. బండివాళ్ళు పక్కనే ఉన్నట్టు కనిపిస్తున్నారు గానీ మధ్యలో మంట.

వెనక కిటికీలకి దొంగలు రాకుండా వేసిన ఇనప ఊచలున్నాయి. ఆ ఊచల్లోంచి చేతులు బయటికొచ్చాయి. కాసేపు ఊగాయి. ఒక చేతికి దారపు ఉండ ఇంకా చుట్టుకునే ఉంది. తర్వాత ఆ చేతులు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి జారిపోయాయి. మేస్త్రి గోడకి ఎగబాకి, కాలే ఊచలు పట్టుకుని, అరచేతుల తోలు వాటికే వదిలేసి కింద పడ్డాడు.

మంటలు ఆరాక కుట్టు సెక్షన్లోంచి ఇద్దర్ని గుడ్డల్లో చుట్టి దించారు. ఒకతె మేస్త్రి కూతురు.

మేస్త్రి ఏడవలేదు. తిన్నగా వచ్చి ప్రెసిడెంటు కాలరు పట్టుకున్నాడు. చేతి రసి చొక్కాకి అంటుకుంది. "రేడియోలో చెప్పానన్నావే. చెప్పావా? చెప్పలేదా?" చుట్టూ మూగినవాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి, గునపాలున్నాయి.

ప్రెసిడెంటుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "చెప్పానయ్యా! ఎవడో కావాలని చానెల్ మీద కూర్చున్నాడు. నేనేం చెయ్యను?"

"ఎవడు?"

కాలరు బిగుస్తోంది. "పట్టుకుంటాను. పట్టుకునే యంత్రం ఉంది నా దగ్గర. ఇప్పుడే, మీ కళ్ళ ముందే పట్టుకుంటాను."

అప్పుడు కాలరు వదిలారు.

చేతిలో సెట్టు ఆపేసి, స్కూటర్ వెనక కట్టి ఉన్న నక్కవేట ఏరియల్ విప్పాడు. రిసీవర్ ఆన్ చేస్తే అదే కీచు కూత. భరించలేక శబ్దం పూర్తిగా తగ్గించేసి మీటరు ముల్లుని మాత్రమే చూశాడు. ముల్లు ఆ చివరికంటా వెళ్ళి కొట్టుకుంది. ఎడమకి తిప్పాడు, చివరికే. కుడికి తిప్పాడు, చివరికే. వెనక్కి తిరిగాడు, అయినా చివరికే. ఏ వైపు తిప్పినా ముల్లు దిగడం లేదంటే నక్క నెత్తి మీదే ఉందని అర్థం. వేట తెలిసిన ఎవడైనా అక్కడే ఆగి ఒళ్ళు తడుముకునేవాడు. ప్రెసిడెంటుకీ వేట తెలుసు. కానీ వెనక కొక్కెం ఉంది, కొక్కెం వెనక జనం ఉన్నారు, వాళ్ళందరికీ ముందు మీటింగులో టైలరు విసిరిపోయిన మాట ఉంది.

"ఇటే," అన్నాడు.

సందు మొదట్లో ముల్లు చివర్నే ఉంది. "ఇటే." ఆస్పత్రి మలుపులో చివర్నే ఉంది. "ఇటే, ఇటే." ముల్లు ఎక్కడ దిగింది కనక? ఆయన కాళ్ళకి ముందే తెలుసు ఎక్కడికి పోవాలో. నడుస్తున్నకొద్దీ జనం పెరిగారు. పొగకి తలుపులు మూసుకున్నవాళ్ళు కూడా కర్రలు వెతుక్కుని వచ్చి కలిశారు.

ఇంట్లో టైలరు పొద్దుటినుంచీ తన సెట్లు రెండూ, బల్ల మీదిదీ చేతిదీ, ఆన్ చేసి వింటూనే ఉన్నాడు. మొదట గుడ్డ రాపిడి, చిటపటలు, ఎక్కడో అడుగున అరుపులు. "ఎవడో నొక్కుకుపోయాడు చూశావా? నే చెప్పలేదూ?" అని పెళ్ళాంతో అన్నాడు. కాస్త సంతోషంగానే అన్నాడు. ఆవిడ "వెళ్ళి చెప్పకూడదూ?" అంటే, "నా కాళ్ళు పట్టుకోమను, చెప్తా," అన్నాడు. ఆ అరుపులు ఎక్కువయ్యాక మాత్రం మిషను తొక్కడం ఆపేశాడు. తర్వాత అరుపులు ఆగిపోయాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కాసేపటికి రేడియోలో అడుగుల చప్పుడు, చాలామంది అడుగులు, ఆయాసం. ఆపైన గొంతు: "ఇటే, ఇటే."

పెళ్ళాం కాజా కుట్టడం ఆపింది. "మా అన్నయ్య గొంతు!"

"మీ అన్నే!" టైలరు తొడ చరుచుకున్నాడు. "ఓరి నీ అసాధ్యం కూలా, నొక్కుకుపోయింది మీ అన్న సెట్టే! సంచిలోంచి మాట్లాడుతున్నాడే! ఊరందరి నోరూ వీడే మూశాడు!" అంటూ నవ్వబోయాడు.

"ఈ ఇల్లే," అంది గొంతు.

ఆ ఒక్క మాట రెండు చోట్లనుంచి వినపడింది, రేడియోలోంచీ, కిటికీలోంచీ.

"వెళ్ళకు," అంది పెళ్ళాం.

"ఉండవే, చెప్తే రెండు ముక్కల్లో తేలిపోతుంది," అని టైలరు, సాక్ష్యానికి ఉంటుందని, మోగుతున్న తన చేతిసెట్టుని పట్టుకుని బయటికి పరిగెత్తాడు. అక్కడే దెబ్బతిన్నాడు. నొక్కుకుపోయిన సెట్టు దగ్గరికి వినే సెట్టు తీసుకొస్తే రెండూ కలిసి కీచుమని కూస్తాయి. క్లబ్బులో అందరికీ తెలిసిన సంగతే. వీధిలో ఎవరికి తెలుసు?

గేటు తీసి, "బావా, నీ సం..." అన్నాడు. అతని చేతిలో సెట్టు, గొంతు కోస్తున్న జంతువులా, వీధి దద్దరిల్లేలా కూసింది.

"వీడే! వీడి చేతిలోనే ఉంది!" అని ఎవరో అరిచారు.

మొదటి దెబ్బ నోటి మీద పడింది. కొక్కెం వెనక వైపు. సంచి అనే మాట సగంలో విరిగి పళ్ళతో పాటు మెట్ల మీద పడింది. వంగినవాణ్ణి వీపు మీద కొట్టారు. పడినవాణ్ణి డొక్కలో తన్నారు. ఒకడు జుట్టు పట్టుకుని తల ఎత్తితే ఇంకొకడు ఆ ముఖం మీద కాలు వేశాడు. అతను రక్తం ఉమ్ముతూ వేలెత్తి బావమరిది భుజం వైపు చూపించబోయాడు. ఆ వేలు చూసి మేస్త్రికి గుర్తొచ్చింది.

"ఈ చేత్తోనేగా నొక్కింది."

చెయ్యి లాగి గేటు స్తంభానికి ఆనించి పట్టుకున్నారు. మేస్త్రి ఇనప గేటుని వెనక్కి లాగి, ఒళ్ళంతా బలం పెట్టి మూశాడు. మళ్ళీ లాగి మళ్ళీ మూశాడు. గేటు వంగిపోయేదాకా మూశాడు. టైలరు అరుపు మొదటిసారికే ఆగిపోయింది. తర్వాత వినపడింది గేటు చప్పుడే.

ఇదంతా ప్రెసిడెంటు భుజాన సంచిలోంచి గాలిలోకి పోతూనే ఉంది. నెట్టక్క ఇల్లు సరిగ్గా టైలరు ఇంటి వెనకే. మధ్యలో పెరటి గోడ ఒక్కటే. ఆవిడకి హెడ్‌ఫోన్లలో అంతా వినపడింది. పళ్ళు రాలిన చప్పుడు వినపడింది, గేటు వినపడింది. ఆవిడ బటన్ నొక్కి నియమం ప్రకారం పిలిచింది: "అత్యవసరం. చానెల్ ఖాళీ చెయ్యండి. టైలరు ఇంటి దగ్గర మనిషిని కొడుతున్నారు. విన్నవాళ్ళు పలకండి." చానెల్ ఖాళీ లేదు, ఆవిడ మాట తన గది దాటలేదు. మళ్ళీ నొక్కి మళ్ళీ పిలిచింది. మలుపులో మందుల షాపాయన కూడా తన సెట్టు నొక్కి అదే పిలిచాడు. ఊళ్ళో క్లబ్బు వాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ కుర్చీల్లో కూర్చుని, ఒకరికొకరు వినపడకుండా, అదే మాట పిలుస్తూనే ఉన్నారు.

టైలరు పెళ్ళానికి లోపల మిగిలిన రేడియోలో ఇంకో శబ్దం వినపడింది. వీధిలో గోలకి అక్కడ ఎవరికీ వినపడనిది. సంచికి దగ్గరగా, చాలా మెల్లగా, ఆవిడ అన్న గొంతు: "చాలు. చాలు. చాలు."

ఆవిడ బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని బయటికొచ్చింది. అన్న అక్కడ గొడుగు పట్టుకున్నట్టు ఏరియల్ పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ అతని వైపు వెళ్ళలేదు. మేస్త్రి గేటు మీద ఉంచిన చేతిని మోచేతి నుంచి మణికట్టుదాకా చీరేసింది. రక్తం చిమ్మి ఆవిడ ముఖం మీద పడింది. ఎవడో ఆవిడ నడుం మీద కర్రతో కొట్టాడు. ఆవిడ మొగుడి మీద పడి, కత్తెర బయటికి పెట్టి, "రండి. ఎవడొస్తాడో రండి," అంది. అరవలేదు. ఆ గొంతు విని ముందున్నవాళ్ళు అడుగు వెనక్కి వేశారు. అప్పుడు తలెత్తి అన్న కోసం చూస్తే ఏరియల్ నేల మీద పడి ఉంది. అన్న లేడు. ఇంట్లో రేడియోలో మాత్రం ఎవరో పరిగెత్తుతున్న ఆయాసం, తర్వాత వాంతి చేసుకుంటున్న చప్పుడు వచ్చాయి.

సాయంత్రానికి నెట్టక్క వెళ్ళి ప్రెసిడెంటుకి చెప్పింది. సంచి జిప్పు తీసి చూసుకుని, ఆయన దాన్ని అలాగే తీసుకెళ్ళి షాపులో మోటార్లు ముంచే వార్నీషు తొట్టిలో ముంచేశాడు. ఇంకెవరికీ చెప్పలేదు. క్లబ్బు వాళ్ళందరికీ చెప్పకుండానే తెలుసు. వాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

టైలరుని ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు, ప్రాణానికి భయం లేదు గానీ ఆ చెయ్యి మళ్ళీ కత్తెర పట్టదని చెప్పాడు. ఇంటికొచ్చాక రాళ్ళు పడటం మొదలైంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కిటికీ అద్దాలు పోయాయి. ఇస్త్రీ ఆవిడ వాళ్ళ బట్టలు ముట్టుకోనంది. ఎవరూ కొత్త బట్ట కుట్టించడానికి రావడం లేదు, ఇదివరకు ఇచ్చినవాళ్ళు కుట్టకపోయినా సరే తిరిగిచ్చెయ్యమన్నారు.

ఒకరోజు ఎండ దిగుతుండగా పెరట్లో చప్పుడైంది. టైలరు పెళ్ళాం వెనక తలుపు తీసింది. నెట్టక్క గోడ మీద ఉంది. అటు స్టూలు వేసుకుని ఎక్కి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఇటు దూకింది. వెనకాలే మందుల షాపాయన దిగాడు. ఆయన వెనక ప్రెసిడెంటు. వీధివైపు నుంచి వస్తే ఎవరైనా చూస్తారని ఇటొచ్చారు. నెట్టక్కకి ఆయాసం కూడా రాలేదు.

లోపలి గదిలోంచి టైలరు గొంతు వచ్చింది, పళ్ళు లేని నోట్లోంచి, ముద్దముద్దగా. "ఎవరూ, మా బావేనా? నక్క దొరికిందా బావా?"

ప్రెసిడెంటు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "చెల్లీ..." అన్నాడు. ఆవిడ పీట మీద కూర్చుని చేతిలో చొక్కాకి కాజా కుట్టడం మొదలెట్టింది. ఎవర్నీ కూర్చోమనలేదు. నెట్టక్కే స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మాయ్, జరిగింది జరిగిపోయింది. క్లబ్బు తరఫున మైకు పెట్టి చెప్తాం. వాతావరణంలో ఏదో తేడా వచ్చింది, చానెల్ దానంతటదే మూసుకుపోయింది, టైలరు తప్పేమీ లేదు అని. మీ ఆయన మీద పడ్డ మాట పోతుంది, రాళ్ళు ఆగుతాయి. సంచి సంగతి మాత్రం మన మధ్యే ఉండనీ. అది బయటికి పొక్కితే మేస్త్రి వీణ్ణి నరికి పోగులు పెడతాడు. నీకు తెలుసుగా."

"తోడబుట్టినవాడమ్మా," అన్నాడు మందుల షాపాయన. "కోపాలూ పగలూ అన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు మనిషి ఉండాలి కదా."

ఆవిడ దారం పంటితో తెంపింది.

"మేస్త్రికి పొద్దున్నే చెప్పేశాను."

ప్రెసిడెంటు చెయ్యి గోడని వెతుక్కుంది.

"రాయి వెయ్యడానికి వచ్చాడు," అందావిడ, ఎవరి గురించో చెబుతున్నట్టు. "నేనే పిలిచాను లోపలికి. ఆయన సెట్లు రెండూ తీసి, ఒకటి నొక్కి గుడ్డసంచిలో పెట్టి, రెండోది దాని దగ్గరికి తెచ్చాను. కూసింది. అతను చెవులు మూసుకున్నాడు. మా ఆయన చేతిలో కూసింది కూడా ఇందుకే, నువ్వు ముక్కలు చేసిన చెయ్యి నీకు సంచి చూపించబోయింది అని చెప్పాను. ఆ మెట్టు మీద కూలబడి చాలాసేపు కూర్చున్నాడు. నేను చీరేసిన చేతికి కట్టు ఊడిపోతే నేనే కట్టాను. పోతూ అడిగాడు, ఆ రోజు సంచి ఎవరి భుజాన ఉందీ అని. మా అన్న భుజాన అన్నాను."

"చెల్లీ, నన్ను చంపేస్తాడే!" ప్రెసిడెంటు గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

"నీకోసం షాపుకెళ్ళుంటాడు. అక్కడ లేవు కనక ఇక్కడికే వస్తాడు."

మందుల షాపాయన వెళ్ళి ముందు తలుపు గడియ వేశాడు. అవతల వంగిన గేటు మూసుకునే రకం కాదు. గాలికి కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకి లోపల టైలరు మంచం కిర్రుమంది. వీధి చివర, రోడ్డు మీద ఇనుము ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు, ఇంకా దూరంగా, వినపడింది. దాని వెనక మనుషులున్నారు.

నెట్టక్క లేచి నిలబడింది. "ఎంత పని చేశావే! అన్నని తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించావే! చెప్పేముందు నాతో ఒక్క మాట అనకూడదూ? ఇదిగో, ఈ గోడవతలే చచ్చాను కదా. ఒక్క కేక వేస్తే వినపడదూ నాకు?"

టైలరు పెళ్ళాం చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"ఆ రోజు మా కేకలన్నీ నీ చెవుల్లోనే పడ్డాయి కదక్కా. ఇప్పుడు దూకిన గోడ అప్పుడెందుకు దూకలేదు?"